అప్‌డేట్: మా వారు పోయాక ప్రార్థన రావడం లేదని అడిగిన ప్రశ్నకు

మా వారు ప్రభువునందు నిద్రించిన తరువాత మోకరించినా నోట మాట రావడం లేదని, ఇది అవిశ్వాసమా అని నేను అడిగినప్పుడు, బైబిలులోని విలాప కీర్తనలు, అంటే దుఃఖంలో దేవునికి మొరపెట్టే పాటలు, చదవమన్న మీ అందరికీ వందనాలు. నన్ను ఎక్కువగా ఆదుకున్నది 88వ కీర్తన. అటువంటి కీర్తనలు చాలావరకు చివరికి స్తుతిలోకి మళ్లుతాయి గాని, ఇది చీకటిలోనే ముగుస్తుంది, అయినా ఆ వేదననంతా దేవునికే మొరపెడుతుంది. చనిపోయిన తన స్నేహితుడు లాజరును తిరిగి బ్రతికించబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడని యోహాను సువార్త 11వ అధ్యాయంలో చదివాక, నా ఏడుపు అవిశ్వాసం కాదని నమ్మకం కుదిరింది. జ్ఞాపకార్థ కూడికలో ‘ఏడవకూడదమ్మా’ అన్నవారికంటే, మౌనంగా పక్కన కూర్చుని నా చేతిలోని పాటల పుస్తకంలో పేజీ తిప్పిపెట్టిన సంఘపు అక్కే నాకు బలమిచ్చింది. ఇప్పుడు మా వారు తన బైబిలులో ఎర్ర పెన్సిలుతో గీత గీసుకున్న వచనాలను రాత్రిపూట పైకి చదువుతున్నాను. సొంత ప్రార్థన ఇంకా రెండు మాటలు దాటడం లేదు, అయినా ఆదివారం ఆరాధనకు మళ్లీ వెళ్తున్నాను.