వడ్డించిన విస్తరా, అమర్చిన బల్లా?

అరసున్న: అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒక్క పేరు దగ్గర ఆగిపోయాను. యూదుల మతగ్రంథాల మీద పరిచయ వ్యాసం రాస్తున్నాను. మూల ధర్మశాస్త్రమైన తోరా, నోటి సంప్రదాయ విధుల సంకలనమైన మిష్నా, దాని మీద రబ్బీల (యూదు మతగురువుల) చర్చలైన తాల్ముద్ వరకు ఇబ్బంది రాలేదు. పేర్లు అలాగే ఉంచి పక్కన వివరం రాసుకుంటూ పోయాను. ‘షుల్హాన్ అరూఖ్’ దగ్గర బండి మొరాయించింది. 16వ శతాబ్దంలో రబ్బీ యోసెఫ్ కారో రాసిన విధుల సంకలనం ఇది. పొద్దున నిద్ర లేవడం దగ్గర నుంచి విడాకుల పత్రం రాయడం దాకా యూదు ఇంట్లో ఏది ఎలా జరగాలో ఇందులో ఉంటుంది. షుల్హాన్ అంటే బల్ల. అరూఖ్ అంటే వరసగా సర్దిపెట్టిన, అమర్చిన. ‘అమర్చిన బల్ల’ అని రాసి మా అమ్మకు చదివి వినిపించాను. “వడ్రంగం పుస్తకమా?” అంది. అప్పటి నుంచి ముందుకు సాగడం లేదు. మీరేమంటారు?

బందరు బస్సు: అరసున్న గారూ, తెలుగులో మాట ఉండనే ఉంది కదండీ. వడ్డించిన విస్తరి! తినేవాడు వచ్చి కూర్చోవడమే తరువాయి.

నేలబావి: బస్సు గారి మాట వినడానికి బాగుంది కానీ నాకు రెండు అభ్యంతరాలు. మనం ‘జీవితం వడ్డించిన విస్తరి కాదు’ అంటాం. అంటే ఆ మాటలో ‘కష్టపడకుండా దొరికింది’ అన్న ఎత్తిపొడుపు ఉంది. ఒక ధర్మగ్రంథానికి దాని సొంత రచయిత ఎత్తిపొడుపు పేరు పెట్టుకోడు కదా. ఇక రెండోది. విస్తరి తిన్నాక మడిచి పారేసేది. యూదుల దగ్గర బల్లకు ఉన్న గౌరవం వేరు. తాల్ముద్‌లో బెరఖోత్ అనే భాగంలో ఒక మాట ఉంది: యెరూషలేము దేవాలయం ఉన్నన్నాళ్లూ బలిపీఠం ప్రాయశ్చిత్తం చేసేది, ఇప్పుడు మనిషికి అతని భోజనపు బల్లే ప్రాయశ్చిత్తం చేస్తుంది అని. బలిపీఠంతో సమానమైనదాన్ని ఎంగిలాకు చేస్తామా?

బందరు బస్సు: సరే, ఒప్పుకుంటాను. మరి ‘బల్ల’ అంటే తెలుగు చెవికి ఏం వినిపిస్తుంది? అయితే బడి బల్ల, కాకపోతే ప్రభువు బల్ల. రెండోది పూర్తిగా క్రైస్తవుల మాట. యూదుల పుస్తకానికి ఆ పేరు పెడితే చదివేవాళ్లు చర్చి పుస్తకం అనుకుంటారు. ఇంకో సంగతి. తెలుగు బైబిల్ చేసినవాళ్లే బల్లను వదిలేశారు. 23వ కీర్తనలో ‘నా శత్రువుల యెదుట నీవు నాకు భోజనము సిద్ధపరచుదువు’ అని ఉంటుంది. హీబ్రూలో అక్కడ ఉన్నది షుల్హానే అని ఎక్కడో చదివాను. తెలిసినవాళ్లు సరిచూడండి.

పెరటి మొక్క: సరిగ్గానే చదివారు. ‘తఅరోఖ్ లెఫానయ్ షుల్హాన్’ అని ఉంటుంది అక్కడ. అరూఖ్‌లో ఉన్న ధాతువే తఅరోఖ్‌లోనూ ఉంది. ఒకే వాక్యంలో బల్లా ఉంది, అమర్చడమూ ఉంది. నేల మీద పీట వేసుకుని తినే జనం కోసం అనువదిస్తూ బల్లను తీసేసి భోజనం పెట్టారు. నా లెక్కలో అది మంచి అనువాదమే.

ఇక నేలబావి గారి మొదటి అభ్యంతరం. దీని మీద కొంచెం ఎక్కువే రాయాలి, ఓపిక పట్టండి. పేరు ఎందుకు పెట్టాడో కారో తన ముందుమాటలోనే చెప్పాడు. ఇందులో చదువరికి అన్ని రకాల ‘మత్అమీం’ వరసగా అమర్చి దొరుకుతాయి అన్నాడు. మత్అమీం అంటే రుచికరమైన వంటకాలు. బైబిల్లో ముసలి ఇస్సాకు కొడుకు ఏశావును అడిగిన ‘రుచిగల భోజ్యములు’ గుర్తున్నాయా, అదే మాట. అంటే అది ఉత్త బల్ల కాదు, వంటకాలు పెట్టి ఉన్న బల్ల. కాబట్టి ‘వడ్డించిన’ అనడం తప్పు కాదు.

అసలు రుచి ఇక్కడుంది. మత్అమీం పుట్టిన ధాతువు నుంచే ‘తఅమ్’ అనే మాట వచ్చింది. హీబ్రూలో తఅమ్ అంటే రుచి, తఅమ్ అంటే కారణం కూడా. ఒక ఆజ్ఞ ఎందుకు ఇచ్చారో చెప్పే కారణాలను ‘తఅమే హ-మిత్స్వోత్’ అంటారు. ఇప్పుడు 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ దగ్గరకు వెళ్దాం. తోరాలోని నిర్గమకాండం 21వ అధ్యాయం మొదట్లో, నువ్వు వాళ్ల ముందు పెట్టవలసిన విధులు ఇవి అని దేవుడు మోషేతో అంటాడు. ‘ముందు పెట్టడం’ ఏమిటని రాషీ ఆగుతాడు. రెండు మూడుసార్లు వల్లె వేయించి వదిలేద్దాం, కారణాలు చెప్పే శ్రమ నాకెందుకు అనుకోకు, మనిషి ముందు తినడానికి సిద్ధంగా అమర్చిన బల్లలా పెట్టు అని దేవుడు చెప్పాడంటాడు. అంటే రాషీ దృష్టిలో అమర్చిన బల్ల అంటే కారణాలతో సహా విడమరిచి చెప్పడం. కారో ఆ పేరే తీసుకున్నాడు, కారణాలు మాత్రం తీసేశాడు! ఇది చెయ్యి, అది చెయ్యకు అని తీర్పు మాత్రమే ఉంటుంది. తఅమ్ లేని మత్అమీం అన్నమాట.

గచ్చు అరుగు: మొక్క గారూ, ఇంత రాసి కారోకి అన్యాయం చేశారు. ఆయన కారణాలు ఎగ్గొట్టలేదు, వేరేచోట పెట్టాడు. దానికి ముందు ‘బేత్ యోసెఫ్’ అనే పెద్ద గ్రంథం మీద ఇరవై ఏళ్లు కూర్చున్నాడు. ఏ విధి తాల్ముద్‌లో ఎక్కడ పుట్టింది, ఎవరు ఏమన్నారు, ఎవరితో ఎవరు విభేదించారు, అన్నీ అందులో ఉన్నాయి. షుల్హాన్ అరూఖ్ దానికి సంక్షేపం. 1565లో వెనిస్‌లో అచ్చయింది. నెలకోసారి మొత్తం తిరగేసుకునేలా ముప్పై భాగాలు చేశానని, చిన్న విద్యార్థులకూ పనికొస్తుందని ముందుమాటలో రాసుకున్నాడు. కాబట్టి బేత్ యోసెఫ్ వంటిల్లు, షుల్హాన్ అరూఖ్ విస్తరి. వంటింట్లో పొగంతా విస్తరి దగ్గరకు తెస్తామా?

అరసున్న: అరుగు గారూ, ‘వంటిల్లు–విస్తరి’ పోలిక వ్యాసంలో వాడుకుంటాను, మీ అనుమతితో. కానీ నేలబావి గారు చెప్పిన ఎత్తిపొడుపు సంగతి తేలలేదు.

పెరటి మొక్క: ఆ ఎత్తిపొడుపు ఉండనివ్వండి అంటాను. ఆ పుస్తకానికి అప్పట్లోనే ఆ మాట పడింది. తాల్ముద్ తిరగెయ్యకుండా ఇలాంటి సంకలనాలు చూసి తీర్పులు చెప్పేస్తున్నారని ప్రాగ్ నగరంలో మహరాల్ లాంటి పెద్దలు మండిపడ్డారు. వాళ్ల బాధ మన భాషలో చెప్పాలంటే ‘చదువు వడ్డించిన విస్తరి కాదురా’ అనే కదా! పొగడ్తా, తెగడ్తా రెండూ ఒకే మాటలో ఇమిడే అవకాశం తెలుగుకు ఉంటే ఎందుకు వదులుకోవాలి?

నేలబావి: ఇది బాగుంది. సగం దిగొచ్చాను. మిగతా సగం: మరి గుడ్డను ఏం చేస్తారు? పోలండ్‌లో, క్రాకోవ్ రబ్బీ మోషే ఇస్సర్లెస్ దీనికి చేర్పులు రాసి ‘మాపా’ అని పేరు పెట్టాడు. అంటే బల్ల మీద పరిచే గుడ్డ. కారో రాసినదాంట్లో స్పెయిన్, తూర్పు దేశాల యూదుల ఆచారాలదే పైచేయి. జర్మనీ, పోలండ్ వైపు అష్కెనాజీల ఆచారాలు వేరు కాబట్టి ఆయన వాటిని పక్కన చేర్చాడు. ఇద్దరి మాటలూ ఇప్పుడు ఒకే పేజీలో కలిపి అచ్చవుతాయి. బల్ల లేకపోతే గుడ్డ ఎక్కడ పరుస్తారు? విస్తరి మీద గుడ్డ కప్పితే ఈగలు వాలకుండా కప్పినట్టుంటుంది!

బందరు బస్సు: ఈగల మాటకు నవ్వాగలేదండీ. గుడ్డ వద్దు, ఆయనది ఊరగాయ అనుకుందాం. ఇంతకీ ఆ తేడాలు ఎలాంటివి?

నేలబావి: ఊరగాయ కాదు బస్సు గారూ, ఏకంగా అన్నం దగ్గరే తేడా. పస్కా పండుగలో పులిసిన పిండి తగలకూడదు కదా. ఆ రోజుల్లో వరి అన్నం, పప్పులు తినొచ్చని కారో తీర్పు. మా వైపు తినరు, అదే ఆచారం అని ఇస్సర్లెస్. ఒకాయన విస్తరి నిండా అన్నం, ఇంకొకాయన విస్తరిలో మెతుకు లేదు.

గచ్చు అరుగు: బల్ల బలిపీఠం అన్న మాట మీదే ఇంకొకటి. రొట్టె విరిచే ముందు బల్ల మీద ఉప్పు పెట్టడం మంచిదని, బల్ల బలిపీఠం లాంటిది కనుక అని రాసింది కూడా ఈ ఇస్సర్లెసే. మన విస్తరి కొసనా ఉప్పు వడ్డిస్తాం. కారణాలు వేరు, చుట్టరికం కలపడం లేదు. కానీ ‘విస్తరి’ అన్న మాటకు నేలబావి గారు అనుకున్నంత తక్కువతనం లేదని చెప్పడానికి పనికొస్తుంది. విస్తరి ముందు కూర్చుని నీళ్లు తిప్పి, మంత్రం చెప్పుకుని తినేవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. పారేసేది తిన్నాక. తినే ముందు దానికీ మర్యాద ఉంది.

అరసున్న: ఇదే ఊపులో ఇంకో సందేహం. పుస్తకంలో నాలుగు భాగాలున్నాయి. ఆ పేర్లను అనువదించాలా, అలాగే ఉంచాలా?

పెరటి మొక్క: రెండింటికి తెలుగు రెడీగా ఉంది. రోజువారీ ప్రార్థనలు, విశ్రాంతి దినం, పండుగలు ఉన్న మొదటి భాగం ‘ఓరఖ్ హయ్యీం’ అంటే జీవమార్గం. కీర్తనల్లో ఉన్న మాటే. ఆస్తి తగాదాలు, అప్పులు ఉన్న చివరి భాగం ‘హోషెన్ మిష్పాత్’. అది ప్రధాన యాజకుడి రొమ్ము మీది ‘న్యాయవిధాన పతకము’, తెలుగు బైబిల్లో ఉన్నదున్నట్టు దొరుకుతుంది. ఆహార నియమాలున్న ‘యోరె దెఆ’ను జ్ఞానం నేర్పేది అనుకోవచ్చు. తమాషా ఏమిటంటే, పెళ్లి, విడాకుల భాగం పేరు ‘ఎవెన్ హా-ఎజెర్’. సహాయపు రాయి అని అర్థం. ఈ మాట మనకు కొత్త కాదు, మన ఊళ్లలో ప్రార్థనా మందిరాల బోర్డుల మీద కనిపించే ‘ఎబెనెజరు’ ఇదే. హవ్వను ఆదాముకు ‘సాటియైన సహాయము’గా చేశాడన్న చోటా ఎజెర్ అనే మాటే ఉంది కనుక పెళ్లి భాగానికి ఆ పేరు కుదిరింది. దాన్ని మాత్రం అనువదించకండి, ఎబెనెజరు అని చెబితే సగంమంది పాఠకులకు వెంటనే వెలుగుతుంది.

గచ్చు అరుగు: పాఠకులంటే గుర్తొచ్చింది. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని ఒక చిన్న సమూహం ఉంది. ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వారమని చెప్పుకుంటారు, యూదు ఆచారాలు పాటిస్తారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మనం ఇక్కడ సరదాగా తేల్చే మాట వాళ్ల చేతిలో పడితే నిత్యం వాడే మాట అవుతుంది. అందుకే హీబ్రూ పేరు తీసెయ్యకండి. ముందు ‘షుల్హాన్ అరూఖ్’, పక్కన ‘వడ్డించిన విస్తరి’.

అరసున్న: అలాగే చేస్తున్నాను. అమ్మకు చెప్పాను, “ఇది నయం, ఆకలేస్తోంది” అంది. కానీ ఇంకో చిక్కొచ్చి పడింది. 19వ శతాబ్దంలో, ఇప్పటి బెలారుస్‌లో ఉన్న నొవొగ్రుదోక్ రబ్బీ యెహీయెల్ మిఖెల్ ఎప్‌స్టీన్ ఇదే క్రమంలో మళ్లీ రాశాడు. ఈసారి ప్రతి విధినీ తాల్ముద్ మూలం నుంచి విడమరుస్తూ పెద్దది చేశాడు. పేరేమో తిరగేసి ‘అరూఖ్ హ-షుల్హాన్’ అని పెట్టాడు! మన విస్తరిని ఎలా తిరగెయ్యాలి?

బందరు బస్సు: ‘విస్తరించిన వడ్డన’ అనండి.

నేలబావి: బస్సు గారూ, మిగతా సగం కూడా దిగొచ్చాను.