హార్మోన్ మాత్ర అయిదేళ్లు మింగాలంటే: కీళ్లు, ఆవిర్లు, ఎముకల సంగతి

చిత్తూరు_చెల్లి:
రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయినాక అమ్మకు లెట్రోజోల్ 2.5 రాశారు, అయిదేళ్లు వాడాలంట. ఇప్పుడు నాలుగో నెల. పొద్దున లేస్తే జాకెట్ హుక్కు పెట్టుకోను వేళ్లు వంగవు. రాత్రి ఒళ్లంతా ఆవిర్లు, చెమట. మాత్ర ఆపేస్తానంటోంది. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

తిరుచానూరు_పద్మ:
డాక్టర్‌ని అడక్కుండా ఆపనియ్యొద్దమ్మా. ఎక్కడైనా క్యాన్సర్ కణం మిగిలుంటే, దాన్ని పెంచే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ దానికి అందకుండా చెయ్యడమే ఈ మాత్ర పని. హార్మోన్‌తో పెరిగే ఈ రకం క్యాన్సర్ అయిదేళ్లు దాటినాక కూడా తిరగబెట్టగలదు, అందుకే ఇన్నేళ్లు.

ముందు స్ట్రిప్ మీద పేరు చూసుకోవాలి. టామోక్సిఫెన్ 20 అయితే కణం మీద ఈస్ట్రోజెన్ కూర్చునే చోటు తను ఆక్రమిస్తుంది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ అయితే నెలసరి ఆగినాక కొవ్వులో తయారయ్యే ఈస్ట్రోజెన్‌నే ఆపేస్తాయి. ఆవిర్లు రెండు రకాలకూ ఉంటాయి. కీళ్ల నొప్పులు, ఎముకలు గుల్లబారడం లెట్రోజోల్ జాతిలో ఎక్కువ. కాళ్లలో రక్తం గడ్డకట్టడం, గర్భాశయం లోపలి పొర మందం కావడం టామోక్సిఫెన్ వైపు. పక్కింటామెకు పనికొచ్చిన సలహా మీ అమ్మకు పనికిరాకపోతే ముందు ఈ తేడా చూడండి.

ఫిజియో_పలమనేరు:
ఈ నొప్పికి పడుకోవడం కంటే కదలడమే మందు. వింటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. పొద్దున మంచం దిగకముందే పిడికిలి బిగించి వదలడం 10 సార్లు, మణికట్లు, చీలమండలు తిప్పడం. తర్వాత గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి 10 నిమిషాలు చేతులు ముంచి, నీళ్లలోనే వేళ్లు ఆడించాల. హుక్కుల పని అదయినాకే.

వారానికి 5 రోజులు, రోజుకు అర్ధగంట నడక. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం ఉండాల. ఇంకో 2 రోజులు కండరాలకు: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం 8 సార్లు, అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని మోచెయ్యి మడిచి చాపడం 8 సార్లు. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి బరువెక్కినా, గాజు బిగుతయినా సీసా పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించండి. గుణం కనపడను వారాలు పడుతుంది, చాలామంది మూడో రోజే మానేస్తారు. మొక్కు ఉందని మొదట్లోనే అలిపిరి 3,550 మెట్లు ఎక్కించొద్దు, మోకాళ్లు ఇంకా బిగుసుకుంటాయి.

వేలు వంగి ఇరుక్కుని టక్కుమని వదలడం, రాత్రి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి మెలకువ రావడం వేరే సంగతి. రెండోది మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం. దానికి రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోవాల.

ఫార్మసీ_కౌంటర్:
నొప్పికి పారాసెటమాల్ 650 రోజుకు మూడుకు మించొద్దు. డైక్లోఫెనాక్ రోజూ కొనుక్కుపోయేవాళ్లను చూస్తే భయమేస్తుంది, కిడ్నీలకూ కడుపుకూ చేటు. కీళ్ల నొప్పుల పొడులు అసలే వద్దు. వాటిలో స్టెరాయిడ్ కలిపినవి దొరికాయి. స్టెరాయిడ్ ఎముకను తినేస్తుంది, ఈ మాత్రతో ఎముక ముందే బలహీనం. రెండు నెలలు నడిచినా తగ్గకపోతే డాక్టర్ కొన్ని వారాలు మాత్ర ఆపించి, అనస్ట్రోజోల్ 1కో ఎక్సెమెస్టేన్ 25కో మార్చి చూస్తారు. ఒకటి పడనివాళ్లకు ఇంకోటి పడుతుంది. ఎక్సెమెస్టేన్ తిండి తిన్నాకే వేసుకోవాలి.

ఆవిర్లకు వెన్లాఫాక్సిన్ 37.5తో మొదలుపెట్టి అవసరమైతే 75 ఇస్తారు. దాన్ని హఠాత్తుగా ఆపకూడదు, తల తిరుగుతుంది. రాత్రి చెమటకు నిద్ర పట్టకపోతే గాబాపెంటిన్ 300 రాస్తారు. అన్నీ చీటీ మీదే. టామోక్సిఫెన్ వాడేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: పారోక్సెటిన్, ఫ్లూఓక్సెటిన్, బుప్రోపియాన్ అనే దిగులు మందులు వేసుకుంటే కాలేయంలో టామోక్సిఫెన్ పనిచేసే రూపంలోకి సరిగా మారదు. మనసు బాగాలేదని ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మాత్ర పేరు చెప్పాల్సిందే.

తిరుచానూరు_పద్మ:
మే నెల ఎండలో ఎవరికైనా చెమటే, అందులో ఆవిరి ఏదో తెలీదు. ఏం తిన్నాక, ఎన్నింటికి వచ్చిందో వారం రాసి పెట్టండి. వేడి కాఫీ, ఊరిబిండి కారం కొందరికి పడవు. పాలిస్టర్ నైటీ తీసేసి నూలుది వేయండి, తలగడ పక్కన తడి తువ్వాలు. మాత్ర వేసే వేళ రాత్రి నుంచి పొద్దుటికి మార్చి చూడొచ్చు.

సంగటి_ఇల్లు:
ఎముకల గురించి. మాత్ర మొదట్లో ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ తీయించకపోతే ఇప్పుడైనా అడగండి, తర్వాత ఏడాదికో రెండేళ్లకో. తిండీ మాత్రా కలిపి రోజుకు 1000 నుంచి 1200 మి.గ్రా. కాల్షియం చాలు. 100 గ్రాముల రాగిపిండిలో దగ్గర దగ్గర 350 ఉంటుంది. మధ్యాహ్నం సంగటి, రెండు గ్లాసుల పాలో పెరుగో అయితే సగం పైనే వచ్చేస్తుంది. మిగతాదానికే మాత్ర, అదీ అన్నం తిన్నాక. థైరాయిడ్ మాత్రకూ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. 60,000 యూనిట్ల డి విటమిన్ ఏళ్ల తరబడి వారం వారం మింగొద్దు, రక్తపరీక్ష చూసి వేసుకోవాలి.

ఎముకలు గుల్లబారకుండా జోలెడ్రోనిక్ ఆసిడ్ ఇంజెక్షన్ ఆరు నెలలకోసారి ఎక్కిస్తామంటే ముందు పళ్ల డాక్టర్‌కు చూపించి, పీకాల్సిన పన్ను పీకించుకోండి. ఇంజెక్షన్ తర్వాత పీకితే దవడ ఎముక మానకపోవచ్చు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చూడాలి. ఎక్కించాక ఒకట్రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు మామూలే.

నర్సు_శ్రీకాళహస్తి:
ఓపీలో ఆడవాళ్లు నోరు తెరవనిది యోని పొడిబారడం గురించి. హార్మోన్ లేని మాయిశ్చరైజర్ వారానికి 2, 3 సార్లు, కలయిక వేళ నీటితో చేసిన జెల్. ఈస్ట్రోజెన్ క్రీము క్యాన్సర్ డాక్టర్‌ను అడక్కుండా వద్దు. కీమోతో నెలసరి ఆగిన చిన్న వయసువాళ్లు లెట్రోజోల్ వాడుతుండగా మళ్లీ నెలసరి కనిపిస్తే వెంటనే చెప్పాల. అండాశయాలు మేలుకుంటే ఆ మాత్ర ఒక్కటే పనిచెయ్యదు.

టామోక్సిఫెన్ వాడేవాళ్లకు నెలసరి ఆగిపోయినాక చుక్క రక్తం కనపడినా చూపించాల. ఒక్క పిక్కే వాచి నొప్పిపెట్టినా, ఆయాసం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి. దర్శనం కంపార్ట్‌మెంట్లో గంటలు కూర్చుంటే మధ్యమధ్య లేచి నాలుగడుగులు నడవండి, నీళ్లు తాగండి. స్ట్రిప్ చేతిసంచిలో ఉండాల, గదిలో వదిలేసి పోవద్దు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు.

చిత్తూరు_చెల్లి:
చాలా మేలు చేశారక్కా. మీల్‌మేకర్ తినొచ్చా? ఆవిర్లకని ఎవరో లేహ్యం ఇచ్చారు.

ఫార్మసీ_కౌంటర్:
కూరలో మీల్‌మేకర్ తినొచ్చు, సోయా సారంతో చేసిన మాత్రలు వద్దు. లేహ్యం డబ్బా ఈసారి ఓపీకి తీసుకెళ్లి చూపించండి, అంతవరకు మూత తియ్యొద్దు.