నర్సీపట్నం–లంబసింగి ఘాట్ రోడ్డు: చరిత్ర ఏమిటి, వానల్లో అంచు ఎందుకు కూలుతుంది?

లంకెలపాలెం వాసి
విశాఖ నుంచి తాళ్లపాలెం, నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్లే ఘాట్ రోడ్డు గురించి కొన్ని సందేహాలండి. మన్యం తిరుగుబాటుకు ఈ రోడ్డు పనే కారణమంటారు, ఎంతవరకు నిజం? 516ఈ హైవే అంటే ఇదేనా? వానాకాలంలో ఘాట్ రోడ్లకి ఎప్పుడూ లోయవైపు అంచే ఎందుకు కూలుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మన్యం చరిత్ర
నిజమేనండి, కానీ అదొక్కటే కారణం కాదు. 1882 మద్రాసు అటవీ చట్టంతోనే పోడు మీద, అడవిలో తిరగడం మీద ఆంక్షలు మొదలయ్యాయి. ఆ మంటకి రోడ్డు పని తోడైంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వెళ్లే ఈ రోడ్డు పనికి గిరిజనుల్ని బలవంతంగా దింపి, కూలి అరకొరగా ఇచ్చేవాడు. గునపం, పార, తట్ట తప్ప యంత్రం లేని రోజులవి. ఈ రోడ్డు గురించి రాసేటప్పుడు వేయించిన అధికారి కంటే ముందు ఆ కూలీల ప్రస్తావన రావాలి.

గాం గంటం దొర, మల్లు దొర లాంటి గిరిజన నాయకులు అల్లూరి సీతారామరాజు పక్షాన నిలిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు హతమయ్యారు.

516ఈ వేరు. అది రాజమహేంద్రవరం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి నుంచి బయల్దేరి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు, బౌడారా మీదుగా వెళ్లి విజయనగరం దగ్గర 26వ నంబరు రహదారిలో కలుస్తుంది. నర్సీపట్నం ఆ వరసలో లేదు. మీరు అడిగింది మైదానం నుంచి కొండెక్కించే దారి, అది కొండల వెంట సాగే దారి.

సివిల్, మర్రిపాలెం
అంచు కూలితే కారణం అంచు దగ్గర వెతకొద్దు, కొండవైపు కాలువ చూడండి.

ఘాట్ రోడ్డు మామూలుగా సగం కొండ తొలిచిన గట్టి నేల మీద, సగం ఆ తవ్విన మట్టి పోసిన కట్ట మీద ఉంటుంది. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ అనే రాయి. తాజా రాయి గట్టిదే, కానీ ఏళ్ల తరబడి నాని శిథిలమైనది చేత్తో నలిపితే పొడి అవుతుంది. వాన పడగానే ఆ ఎర్రమట్టి జారి, 60 సెంటీమీటర్ల సైడు కాలువలో పడుతుంది. రెండు తట్టల రాళ్లు, నాలుగు కొమ్మలు చాలు, కాలువ మూసుకుపోతుంది. నీళ్లు రోడ్డు దాటి లోయవైపు దూకి, కట్ట మట్టిని కింద నుంచి కోసేస్తాయి. పైన తారు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, కింద డొల్ల. లోడు లారీ చక్రం అక్కడికి రాగానే కుంగిపోతుంది.

అందుకే జూన్ రాకముందే కాలువ పూడిక తీయాలి, తూములకి రెండు మూతులూ తెరవాలి. తీసిన మట్టిని లోయవైపు అంచున పోయడం చాలాచోట్ల కనిపించే తప్పు: కట్ట మీద బరువు పెరుగుతుంది, రోడ్డు నీళ్లకి అడ్డుపడుతుంది. పైనుంచి గెడ్డ దిగే చోట తూము చాలకపోతే ఎన్ని ప్యాచ్‌లు వేసినా ఏటా అదే చోటు తెగుతుంది.

రిటైనింగ్ గోడకి (మట్టి జారకుండా ఆపే గోడ) నీరు పోవడానికి పెట్టిన రంధ్రాలు కూడా చూడండి. వాటి వెనక కంకర ఫిల్టర్ లేకపోతే మట్టితో పూడిపోతాయి, నీరు బయటికి రాక గోడకి పొట్ట వస్తుంది. పొట్ట వచ్చిన గోడకి సిమెంటు పూత పూసి లాభం లేదు.

లంకెలపాలెం వాసి
చాలా బాగా అర్థమైందండి. మలుపుల్లో పెద్ద బస్సులు ఒకేసారి తిరగలేక వెనక్కి తీసి మళ్లీ తిప్పడం ఎందుకు? లోపలివైపు కొండ చెక్కేస్తే సరిపోదా?

సివిల్, మర్రిపాలెం
సరిపోదండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో హెయిర్‌పిన్ మలుపు (దారి దాదాపు వెనక్కి తిరిగే మలుపు) లోపలి వ్యాసార్థం కనీసం 14 మీటర్లు, అక్కడ వాలు 40కి 1 దాటకూడదు, రెండు లేన్ల జాతీయ రహదారికి మలుపు బాగా వంగే నడిమి చోట 11.5 మీటర్ల వెడల్పు ఉండాలి. పాత దారులు ఈ లెక్కలకి ముందువి. లోపలి ముక్కు చెక్కితే దారి పొడవు తగ్గుతుంది, ఎక్కాల్సిన ఎత్తు మాత్రం అంతే, అంటే వాలు ఇంకా నిటారవుతుంది. బస్సు తిరుగుతుంది గానీ ఎక్కలేక ఆగిపోతుంది. ఖర్చు ఎక్కువైనా బయటివైపు పునాది నుంచి గోడ లేపి వెడల్పు చేయడమే సరైన పని.