డాలస్‌లో టోర్నడో సైరన్ మోగితే ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న: ఈ మధ్యే డాలస్ వచ్చాం. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, అమ్మానాన్న మాతోనే ఉన్నారు. నిన్న రాత్రి టోర్నడో హెచ్చరికతో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగేసరికి అమ్మ వణికిపోయింది. ఇక్కడ ఇళ్లకు బేస్‌మెంట్లు ఉండవు కదా, నిజంగా వస్తే ఏం చేయాలండీ?

జవాబు: 2019 అక్టోబర్ 20 రాత్రి ఉత్తర డాలస్, రిచర్డ్‌సన్ మీదుగా ఈఎఫ్-3 టోర్నడో (0 నుంచి 5 దాకా ఉండే తీవ్రత కొలతలో 3) పోయినప్పుడు మేం అక్కడే ఉన్నాం. కింది అంతస్తులో ఎవరినైనా ఇప్పుడే పరిచయం చేసుకోండి, కిటికీలు లేని బాత్రూమ్‌లో కూర్చుని తలకు దిండ్లో, పిల్లల సైకిల్ హెల్మెట్లో పెట్టుకోండి. బూట్లు మాత్రం వేసుకునే ఉండాలి. మేం బయటికొస్తే చీకట్లో ఎక్కడ అడుగేసినా గాజు పెంకులే, గోడల్లోంచి ఊడిన ఇన్సులేషన్ దూది తడిసి కొమ్మలకు, కార్లకు అంటుకుపోయి ఉంది, ఎక్కడో గ్యాస్ వాసన. అంత విధ్వంసంలోనూ ఆ రాత్రి టోర్నడోకి ఒక్క ప్రాణం కూడా పోలేదు, అదే పదివేలు.

జవాబు: అసలు టెన్షన్ తర్వాతే మొదలవుతుంది. ఏదీ కదపకముందే ఫొటోలు తీయండి. ఓనర్ ఇన్సూరెన్స్ మీ సామాన్లకు వర్తించదు, అద్దెకుండేవాళ్ల సామాన్లకిచ్చే రెంటర్స్ పాలసీ తీసుకోండి. సొంతిల్లున్న వాళ్లకైతే, టెక్సస్‌లో గాలి, వడగళ్ల నష్టానికి డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇచ్చేముందు మనం భరించాల్సిన వాటా) చాలావరకు శాతాల్లో ఉంటుంది: 4 లక్షల డాలర్ల కవరేజీకి 2 శాతమంటే 8 వేలు మీ జేబులోంచే. అది మాఫీ చేస్తామంటూ తలుపు తట్టే రూఫింగ్ వాళ్లను నమ్మకండి, అది చట్టవిరుద్ధం.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. నాన్నకి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగడం ఆలస్యమవుతుంది.

జవాబు: అయితే వార్నింగ్ (టోర్నడో వచ్చేస్తోందన్న హెచ్చరిక) దాకా ఆగొద్దు, వాచ్ (టోర్నడో రావచ్చన్న ముందస్తు సూచన) ఇవ్వగానే ఆయన్ను కిందికి దింపేయండి. మందులు, పాస్‌పోర్టులు ఒకే సంచిలో.