పక్షవాతంలో మెదడు కణాలను ఈస్ట్రోజెన్ ఎట్ల కాపాడుతది? మరి మందుగా ఎందుకు ఇయ్యరు?

ఫార్మసీ_నల్లగొండ:
ఎలుకల్లో మెదడుకు పోయే నాళం మూసినా, ముందే ఎస్ట్రాడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైన రకం) ఇచ్చి ఉంటే నష్టం తగ్గిందని పుస్తకాల్ల ఉన్నది. మరి మనుషులకెందుకు ఇయ్యరు? మన దిక్కు చిన్న వయసులనే గర్భసంచి తీయించుకున్నోళ్లకు ఈ రక్షణ పోయినట్టేనా?

న్యూరో_పాలమూరు:
ముందు కణం ఎట్ల చస్తదో చూడాలె. రక్తం ఆగంగనే కణానికి శక్తినిచ్చే ఏటీపీ పడిపోతది, సోడియంను బయటికి తోసే పంపు ఆగుతది, నరాల కణాలను ఉసిగొల్పే గ్లుటమేట్ అనే రసాయనం బయటికి పొంగుతది. దాంతో కాల్షియం కణంలకు జొరబడి మైటోకాండ్రియాను చెడగొడతది. నడిమి భాగం నిమిషాల్లనే పోతది, దాన్ని ఏ హార్మోనూ ఆపలేదు. చుట్టూ ఉన్న భాగం (పెనంబ్రా అంటరు) మాత్రం గంటల తరబడి కొట్టుమిట్టాడుతది. ఈస్ట్రోజెన్ పని అక్కడనే. ఎలుకల్లో తక్కువ మోతాదు కార్టెక్స్‌ను (మెదడు పైపొర) కాపాడింది, స్ట్రయేటమ్‌ను (మెదడు లోపలి భాగం) కాపాడలే.

దారులు రెండు. నెమ్మది దారిలో ఈఆర్-ఆల్ఫా (ఈస్ట్రోజెన్‌ను పట్టుకునే ఒక గ్రాహకం) జన్యువులను కదిలిస్తది, కణం చావును ఆపే బీసీఎల్-2 అనే ప్రోటీన్ పెరుగుతది. దీనికి టైం పడతది, అందుకే ఆ ప్రయోగాల్లో హార్మోన్ ముందు నుంచే ఇచ్చిన్రు. రెండోది పీఐ3కే–ఏకేటీ దారి, అంటే కణాన్ని బతికించే సంకేతాల దారి, నిమిషాల్ల మొదలైతది. ఈఆర్-ఆల్ఫా లేని ఎలుకల్లో రక్షణ పోయింది, ఈఆర్-బీటా (ఇంకో ఈస్ట్రోజెన్ గ్రాహకం) లేనోటిల్లో పోలేదు. 2001ల తేలిన సంగతి ఇది.

మందుల_లెక్క:
ఇయ్యకపోవుడుకు కారణం అదే ఏడాది (2001) వచ్చిన వెస్ట్ అనే ట్రయల్, అంటే మనుషుల మీద చేసిన మందు పరీక్ష. అప్పటికే స్ట్రోక్ లేదా మినీ స్ట్రోక్ వచ్చిన 664 మంది ఆడవాళ్లు, సగటు వయసు 71, రోజుకు 1 మి.గ్రా. ఎస్ట్రాడయోల్ లేదా ఉత్తుత్తి గోళీ. మళ్లొచ్చే స్ట్రోకులు తగ్గలే, ప్రాణం తీసే స్ట్రోకులు పెరిగినయ్. మెనోపాజ్ దాటిన ఆడవాళ్ల మీద చేసి 2002ల ఆపేసిన డబ్ల్యూహెచ్ఐ అనే పెద్ద ట్రయల్‌లో కూడా (16,608 మంది, ఈస్ట్రోజెన్‌ను ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోన్‌తో కలిపి) స్ట్రోక్ పెరిగింది.

తేడా ఎక్కడంటే, అండాశయాలు తీసిన వెంటనే ఇస్తే ఎలుకకు రక్షణ దొరికింది, 10 వారాలు ఆగి ఇస్తే దొరకలే. చాలా రోజులు హార్మోన్ లేకపోతే హిప్పోక్యాంపస్‌ల (మెదడుల జ్ఞాపకాల భాగం) ఈఆర్-ఆల్ఫానే విరిగిపోతది. పైగా గోళీ కాలేయం గుండా పోయి గడ్డకట్టే కారకాలను పెంచుతది.

స్టాఫ్_సూర్యాపేట:
గర్భసంచి ఒక్కటే తీస్తే ఈస్ట్రోజెన్ ఆగదు తమ్మీ, అది తయారయ్యేది అండాశయాల్ల. డిశ్చార్జ్ కాగితం మీద "బీఎస్ఓ" ఉంటే రెండు దిక్కుల అండాశయాలు, నాళాలు తీసినట్టు. 45 ఏళ్ల లోపు గట్ల తీసి ఉంటే గైనిక్ డాక్టర్‌తోటి హార్మోన్ గురించి మాట్లాడాలె. సొంతంగ మెడికల్ షాపుల కొనుడు వద్దు.

మూతి వంకరపోతే పసరు మందుకు ఉరుకుడు దండుగ. మనిషి మంచిగ ఉన్నట్టు ఆఖరుకు చూసిన టైం రాసుకోండ్రి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు లెక్క అక్కడి నుంచే, 4.5 గంటలు. సీటీ తీయకముందు ఆస్పిరిన్ వద్దు, మెదడుల రక్తస్రావమైతే ఇంకా ఆగమైతది. మింగుడు సరిగ్గున్నదో లేదో చూడందే నీళ్లు కూడ తాపొద్దు.

ఫార్మసీ_నల్లగొండ:
చర్మం మీద అంటించే ఈస్ట్రోజెన్ ప్యాచ్ అయితే కాలేయం గుండా పోకుండ నేరుగ రక్తంల కలుస్తది కదా అన్నా?

మందుల_లెక్క:
అవును. పరిశీలన అధ్యయనాల్ల 50 మైక్రోగ్రాములకు మించని ప్యాచ్‌తోటి స్ట్రోక్ పెరిగినట్టు కనబడలే. అయితే అది మెనోపాజ్ ఇబ్బందులకు వాడినోళ్ల లెక్క. పక్షవాతం వచ్చినంక ప్యాచ్ అంటిస్తే మెదడు కోలుకుంటదని దాని అర్థం కాదు.