రామనవమి పందిట్లో నేర్చుకుంటున్న పిల్లల కచేరీ: పెట్టాలా, వద్దా?

పందిరి కమిటీ:
మా వీధిలో ఏటా శ్రీరామనవమికి తొమ్మిది రోజులు పందిరి వేస్తాం. ఈసారి ఒక సాయంత్రం సంగీతం నేర్చుకుంటున్న పిల్లల చేత కచేరీ చేయిద్దామన్నాను. అందరూ పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల లోపువాళ్లే. కమిటీలో సగం మంది ఒప్పుకోవడం లేదు. "డబ్బులిచ్చి మంచి ఆర్కెస్ట్రాని పిలుద్దాం, పిల్లల్ని ఇంకా నేర్చుకోనివ్వండి" అంటున్నారు. మీరేమంటారు?

శ్రుతిపెట్టె:
నేను వద్దనే అంటాను. పోయినేడు మా మేనకోడలు ఒక ఉత్సవంలో మోహన రాగంలో వర్ణం పాడింది. ఇంట్లో నిద్రలో లేపినా పాడుతుంది. అక్కడ చరణం స్వరాల మధ్యలో ఆగిపోయింది. ముందు వరసలో ఇద్దరు ఫోన్లు మాట్లాడుకుంటున్నారు. పిల్ల కిందికి దిగి ఏడ్చింది. మూడు నెలలు సాధనకి శ్రుతి పెట్టుకునే తంబూరా యాప్ కూడా తెరవలేదు. పిల్లలు పాడుతుంటే మనకు మనసు నిండుతుంది, నిజమే. దానికోసం వాళ్లకు అంత టెన్షన్ పెట్టాలా?

బందరు కాలువ:
బాలమురళీకృష్ణ గారు ఎనిమిదేళ్లకే విజయవాడ త్యాగరాజ ఆరాధనలో పాడారు. మాండొలిన్ శ్రీనివాస్ 1978లో గుడివాడ ఆరాధనలో మొదటి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్లవాడు.

శ్రుతిపెట్టె:
వాళ్లు కోటికొకరు. వాళ్ల పేరు చెప్పి మామూలు పిల్లల్ని వేదికెక్కిస్తేనే ఇలా అవుతుంది.

బందరు కాలువ:
ఒప్పుకుంటాను. నేనంటున్నది వాళ్ల ప్రతిభ గురించి కాదండీ. ఆ రెండు ఊళ్లలో కూర్చుని విన్నవాళ్లు ఉన్నారు. చిన్నవాడివి, పెద్దయ్యాక రా అని ఎవరూ పంపెయ్యలేదు.

మృదంగం మాస్టారు:
ముప్పై ఏళ్లుగా పక్కవాద్యం వాయిస్తున్నాను. రెండేళ్ల కిందట ఒక గుడి మండపంలో పదిహేనేళ్ల కుర్రాడి వయొలిన్‌కి వాయించాను. కల్యాణి రాగం సగంలో ఉండగా సన్న తీగ టప్పున తెగింది. వాడు భయంగా నా వైపు చూశాడు. నేను తాళం వదలకుండా తలూపాను. పాదం మీద ఫిడేలు సర్దుకుని, పక్క తీగ మీదే చెయ్యి గుండెల దాకా జరిపి పైస్థాయి అందుకున్నాడు. మొదటి రెండు స్వరాలు కాస్త తగ్గాయి. మూడోది సరిగ్గా షడ్జమం, అంటే 'స' మీద నిలిచింది. మూల కూర్చుని పూలు కడుతున్న ఆడవాళ్లు చేతులు ఆపేశారు. హారతి గంట కొట్టడానికి వచ్చిన పూజారి గారు తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

పెద్ద విద్వాంసుల పక్కన ఎన్నో కచేరీలు వాయించాను. వాళ్లు తడబడరని జనానికి ముందే తెలుసు. ఇక్కడ ఏమవుతుందో తెలీదు, అందుకే అంతమందీ ఊపిరి బిగబట్టారు. వాడు గట్టెక్కితే తామే గట్టెక్కినట్టు లేచి చప్పట్లు కొట్టారు. నాకూ కళ్లు చెమర్చాయి. రికార్డు పెట్టి వింటే ఇది దొరకదు.

శ్రుతిపెట్టె గారూ, మీ మేనకోడలు ఆగినప్పుడు పక్కన వయొలిన్ వాయించేవాళ్లు తర్వాతి స్వరం వినిపించి ఉంటే ఆ పిల్ల అందుకునేది. పిల్లలందరినీ కూర్చోబెట్టి వదిలెయ్యకూడదు, పక్కన ఒక పెద్ద చెయ్యి ఉండాలి. బాగా వచ్చినవే పాడించండి, నలభై నిమిషాలు చాలు. ఒక స్పీకరు వాళ్ల వైపు తిప్పండి, వాళ్ల గొంతు వాళ్లకు వినపడకపోతే శ్రుతి జారిపోతుంది.

పందిరి కమిటీ:
ఒక వయొలిన్ టీచర్ గారు పిల్లలతో పాటు కూర్చుని వాయిస్తామన్నారు. అయిదో రోజు సాయంత్రం ఆరున్నరకి అనుకుంటున్నాం.

శ్రుతిపెట్టె:
నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. పెట్టేట్టయితే మాత్రం ఒకటి చెయ్యండి. పిల్లలు పాడుతున్నంతసేపు పానకం, వడపప్పు పంచొద్దు. జనం గ్లాసుల కోసం లేచి వెళ్తుంటే పాడేవాళ్లకు ఎదురుగా కనిపిస్తుంది. పందిరి ఎక్కడో చెప్పండి, ఆ రోజు మా మేనకోడల్ని వినడానికి తీసుకొస్తాను.