వైన్ బార్‌లో సర్వీస్ బాగాలేదని బిల్లులోంచి 12.5 శాతం సర్వీస్ ఛార్జ్ తీయించేశాను. తప్పా?

హౌన్‌స్లో వాసి:

లండన్‌లో మా ఇంటికి దగ్గర్లో ఓ చిన్న వైన్ బార్ ఉంది. పేరు అనవసరం. గ్లాసుల లెక్కన వైన్, నంజుకోడానికి చిన్న చిన్న ప్లేట్లు, అన్నీ కలిపి పది టేబుళ్లు ఉంటాయేమో. శుక్రవారం రాత్రి నలుగురం వెళ్లాం.

తిండికి వంక పెట్టను. వెల్లుల్లి రొయ్యలు, కాల్చిన కాలీఫ్లవర్ రెండూ మళ్లీ తెప్పించుకున్నాం. సర్వీసే దారుణం. కూర్చున్న చాలాసేపటికి గానీ మెనూ రాలేదు. రొయ్యలతో పాటు రావాల్సిన బ్రెడ్, రొయ్యలు తినేశాక వచ్చింది. వైన్ ఏ సైజు కావాలని అడక్కుండానే నలుగురికీ 250 మి.లీ. గ్లాసులు నింపి తెచ్చారు. మంచినీళ్లు మళ్లీ మళ్లీ అడగాల్సి వచ్చింది. ఇంత జరిగాక బిల్లు మీద 12.5 శాతం సర్వీస్ ఛార్జ్! తీసేయమని మర్యాదగానే చెప్పాను, తీసేశారు.

బయటికి రాగానే మా ఫ్రెండ్ గొడవ పెట్టుకున్నాడు. "ఆ పిల్లాడి నోటి దగ్గర కూడు లాగేశావు" అన్నాడు. సరిగ్గా చేయని పనికి డబ్బెందుకు కట్టాలి? ఇందులో తప్పేముందో నాకైతే కనబడట్లేదు. మీరేమంటారు?

థేమ్స్ ఒడ్డు:

అన్నా, చట్టం మీ వైపే ఉంది. బిల్లులో "డిస్క్రెషనరీ" అని ఉంటే కట్టడం, మానడం మన ఇష్టం. కారణం కూడా చెప్పక్కర్లేదు. తప్పనిసరి అని మెనూలో ముందే రాసినా సరే, సేవ నాసిరకంగా ఉంటే ధర తగ్గించమని అడిగే హక్కు 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ఇస్తుంది.

నాకు దానికంటే గ్లాసుల సంగతే పెద్దదనిపిస్తోంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో బుడగలు లేని మామూలు వైన్ 125 మి.లీ. కొలతలో కూడా అమ్మాలి. ఆ మాట మెనూలోనో ధరల పట్టీలోనో కనబడాలి. కస్టమర్ సైజు చెప్పకపోతే, చిన్న కొలత ఉందని వాళ్లే చెప్పాలి. లైసెన్సు షరతుల్లో ఉన్న విషయం ఇది. నలుగురికీ 250 చొప్పున పోశారంటే మీ టేబుల్ మీదికి లీటరు వైన్ వచ్చింది. అంటే బాటిలుకి పైన ఇంకో మూడో వంతు. దీన్ని పరాకు అనుకోను నేను. ఎక్కువ అమ్ముకునే పద్ధతి ఇది.

ఫెల్తమ్ అక్క:

మీరు చెప్పే బార్ ఏదో నాకు తెలుసనుకుంటా. అదే అయితే నా అనుభవం పూర్తిగా తలకిందులు. మేం వారం మధ్యలో వెళ్తాం. ఓసారి బాటిల్ తెరిస్తే తడిసిన అట్టపెట్టె వాసన కొట్టింది. కార్క్ వల్ల వచ్చే టీసీఏ అనే రసాయనం దోషం అది. చెప్పగానే అక్కడి అమ్మాయి వాసన చూసి, మారుమాట లేకుండా కొత్త బాటిల్ తెచ్చింది. ఏ వైన్ తీసుకోవాలో తేలకపోతే కొంచెం కొంచెం పోసి రుచి చూపిస్తుంది.

నాకు అక్కడ నచ్చనిది తిండే. మాంసం తినను నేను. పుట్టగొడుగుల ప్లేటు పక్కన శాకాహారం అని గుర్తు పెట్టి, పైన పర్మేసన్ చీజ్ తురిమి తెచ్చారు. అసలైన పర్మేసన్, అంటే పార్మిజానో రెజ్జానోని, దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తోనే (పాలు విరగ్గొట్టే పదార్థం) చేస్తారు. కిచెన్‌లో కనుక్కోమంటే "చీజే కదా" అన్నారట. ఆలస్యమైతే సర్దుకుంటాను. ఏం పెడుతున్నారో వాళ్లకే తెలియకపోతే ఎలా సర్దుకోను? అయినా సర్వీస్ ఛార్జ్ కట్టేశాను. ఆ మెనూ రాసింది ఆ అమ్మాయి కాదు కదా.

సాయంత్రం షిఫ్ట్:

మాస్టర్స్ చదువుతూ, వీసా ఒప్పుకునే వారానికి 20 గంటల్లో ఇలాంటి బార్‌లోనే పని చేస్తున్నా. లోపల ఏం జరుగుతుందో చెప్తా. శుక్రవారం రాత్రి నలుగురు ఉండాల్సిన చోట ఇద్దరుంటాం. ఒకరు కౌంటర్ వెనక పోస్తూ ఉంటారు. రెండోవాళ్లే ఆర్డర్లు తీసుకోవాలి, ప్లేట్లు మోయాలి, గ్లాసులు తుడవాలి, బిల్లులు కొట్టాలి. స్మాల్ ప్లేట్స్‌లో ఏది ముందయితే అది బయటికొస్తుంది. చెఫ్ ఒక్కరే ఉంటే బ్రెడ్ ఓవెన్‌లోనే ఉండిపోతుంది. మీకు మెనూ రాలేదంటే ఆ పిల్లాడు ఫోన్ చూస్తూ కూర్చున్నాడని కాదన్నా.

2024 అక్టోబర్ 1 నుంచి ఇక్కడ టిప్పుల చట్టం అమల్లోకి వచ్చింది. సర్వీస్ ఛార్జ్ మొత్తం సిబ్బందికే పంచాలి. ఓనర్ తనకంటూ పెన్నీ కూడా ఉంచుకోకూడదు. తర్వాతి నెలాఖరులోగా ఇచ్చేయాలి. మా దగ్గర గిన్నెలు కడిగే ఆయనకీ వాటా వస్తుంది. మీరు తీయించింది మా డబ్బు. మనుషుల్ని తగ్గించింది ఓనర్, కోత పడింది మాకు.

థేమ్స్ ఒడ్డు:

నీ కష్టం అర్థమైంది తమ్ముడూ. కానీ ఇద్దరితో నడిపినా ఆ 12.5 వస్తూనే ఉంటే, ఇంకో మనిషిని ఆయనెందుకు పెడతాడు?

సాయంత్రం షిఫ్ట్:

రాకపోయినా పెట్టడు అన్నా! ఆ డబ్బు పోతే ఆయనకు పోయేదేమీ లేదు. ఆయనకు తగలాలంటే ఆలస్యంగా వచ్చిన బ్రెడ్‌ని బిల్లులోంచి తీయమనండి. అడక్కుండా పోసిన గ్లాసులకు 125 ధరే వేయమనండి. అది నేరుగా ఆయన గల్లాపెట్టె. మేనేజర్‌ని పిలిచి అక్కడికక్కడే చెప్పండి. మా దగ్గర ఒక ప్లేటు బిల్లులోంచి తీస్తే సిస్టమ్‌లో కారణం కొట్టాలి, మర్నాడు ఓనర్ చూసి అడుగుతాడు. సర్వీస్ ఛార్జ్ తీస్తే ఒక్కళ్లూ అడగరు.

బర్మింగ్‌హామ్ బాబాయ్:

అసలు దాన్ని ప్లేటు ధరలోనే ఎందుకు కలపరో ఆలోచించారా? నిజంగా ఐచ్ఛికమైన సర్వీస్ ఛార్జ్ మీద వ్యాట్ లేదు. వంద పౌండ్ల బిల్లుకు పన్నెండున్నర పౌండ్లు విడిగా వేస్తే అది మొత్తం మిగులుతుంది. అదే ధరలో కలిపితే 20 శాతం వ్యాట్ లెక్కన రెండు పౌండ్ల పైచిలుకు ప్రభుత్వానికి పోతుంది. ఐచ్ఛికం అన్నందుకే పన్ను తప్పింది కాబట్టి, కస్టమర్ వద్దంటే నేరం చేసినట్టు చూడకూడదు.

ఇండియాలో 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, సర్వీస్ ఛార్జ్‌ని బిల్లులో దానంతటదే వేయకూడదని చెప్పింది. హోటళ్లవాళ్లు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇక్కడా అలాగే చేయాలి. ధర ధరలో ఉండాలి, జీతం జీతంలో ఉండాలి.

ఫెల్తమ్ అక్క:

బాబాయ్ గారూ, ధరలో కలిపేస్తే అది ఈ పిల్లల దాకా వస్తుందని హామీ ఏది? తమ్ముడు చెప్పిన చట్టం టిప్పులకూ, సర్వీస్ ఛార్జ్‌కీ వర్తిస్తుంది. మెనూ ధర మొత్తం ఓనర్ చేతిలోకే వెళ్తుంది. అందులోంచి జీతం పెంచుతాడో లేదో ఆయన దయ. ఇప్పుడైతే కనీసం ఎంత వచ్చింది, ఎంత పంచారు అని లెక్క అడిగే హక్కుంది.

హౌన్‌స్లో వాసి గారూ, మొత్తం తీయించనక్కర్లేదు, సగం చేయమని కూడా అడగొచ్చు. వీలైతే మంగళవారమో బుధవారమో వెళ్లి చూడండి.

హౌన్‌స్లో వాసి:

మంగళవారం మాకు ఆఫీసులండీ. శుక్రవారం రాత్రి కూడా అదే 12.5 వేస్తున్నారు కాబట్టి, శుక్రవారం కూడా అలాగే చూసుకోవాలి. తమ్ముడు చెప్పిన గ్లాసుల మాట నాకు నచ్చింది. ఈసారి 125 అని ముందే చెప్తా, బ్రెడ్ లాంటిది జరిగితే మేనేజర్‌తో అక్కడే తేల్చుకుంటా. కానీ నీళ్ల సంగతి స్టాఫ్ తక్కువ మీదికి నెట్టకండి. పిలిస్తే "ఒక్క నిమిషం సర్" అనడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. పలకరింపు కూడా లేకపోతే మాత్రం మళ్లీ తీయిస్తా.